అడిగి ముట్టుకునే తల్లి

మా ఆడపడుచు ఎలాంటిదని ఎవరడిగినా ముందు మంచిదనే చెప్తాను, ఎందుకంటే నిజంగా మంచిది. ఆడపడుచుని మంచిదన్న వదిన ఈ భూమ్మీద నేనొక్కదాన్నే అయ్యుంటాను, అది కూడా రాసుకోండి. ఈ కథ ఆమెది. కానీ ఇందులో నేను చేసిన ఘనకార్యం ఒకటుంది. దాన్ని మింగేసి ఆమె గురించి మాత్రమే చెప్తే సగం అబద్ధమవుతుంది. ఒక అబద్ధం ఇదివరకే ఆడి ఉన్నాను. ఈ జన్మకి అది చాలు.

ఆమె మా ఆయనకి చెల్లెలు, చిన్నపిల్లల పంతులమ్మ. నేను ఈ ఇంటికి కోడలిగా వచ్చేనాటికి ఆమెకి పన్నెండేళ్లు. పెరటి తలుపు మీద బొగ్గుతో అక్షరాలు రాసి, గిన్నెల్ని వరసగా కూర్చోబెట్టి పాఠం చెప్పేది. మూత సరిగ్గా పట్టని గిన్నెని "నువ్వు నోరు మూసుకో" అని కసిరేది. పెద్దయ్యాక కూడా ఆ పనే చేసింది, గిన్నెల బదులు పిల్లలు, అంతే తేడా. పెళ్లయింది, ఒక కూతురు పుట్టింది. మొగుడన్నవాడు పిల్లకి రెండేళ్లు నిండకుండానే పెట్టె సర్దుకుని ఇంకో సంసారం చూసుకున్నాడు. ఆ మహానుభావుడి మీద ఇంతకంటే సిరా ఖర్చు చెయ్యను.

పిల్లకి అయిదేళ్లప్పుడు ఆమె పనిచేసే బడి మూతపడింది. ఏడు నెలలు ఖాళీగా తిరిగాక పరదేశంలోని ఒక బడి నుంచి పిలుపొచ్చింది. అయిదారేళ్ల పిల్లలకి పాఠం చెప్పాలి. ఉండటానికి గది ఇస్తారు గానీ ఆ గది టీచరుకే, పిల్లని వెంట తెచ్చుకోకూడదు. ఆ కాగితం చేత్తో పట్టుకుని వచ్చి నా కుట్టుమిషన్ పక్కన కూలబడింది.

"వదినా, రెండేళ్లు చూస్తావా దాన్ని?"

"రెండేళ్లేం ఖర్మ, ఇరవై ఏళ్లు చూస్తా. ముందు నువ్వు బయల్దేరు," అన్నాను. ఏదో మాటవరసకి అన్నాననే అనుకున్నాను అప్పుడు.

మాకు పిల్లల్లేరు. అయ్యో అని నిట్టూర్చకండి, ఆ నిట్టూర్పులు విని విని నా చెవులు తూట్లు పడ్డాయి. నేను బడిపిల్లలకి యూనిఫారాలు కుడతాను. మా ముందుగదే దుకాణం. రెండు మిషన్లు, గోడ పొడుగునా నీలంగుడ్డ తానులు, కిటికీ కింద గుండీల డబ్బాలు. పొద్దున లేచింది మొదలు ఎవరి పిల్లనో భుజాలు పట్టి తిప్పడం, చంకల కింద టేపు పోనిచ్చి కితకితలు పెట్టడం, "ఊపిరి బిగబట్టకురా బడుద్ధాయ్, నీ పొట్ట ఎక్కడికీ పారిపోదు" అని వీపు మీద ఒకటి వెయ్యడం, ఇదీ నా వృత్తి. అలాంటిదాని ఒళ్లోకి అయిదేళ్ల పిల్ల వచ్చి పడింది. ఇంట్లో అందరం దాన్ని పొట్టి అని పిలిచేవాళ్లం. ఇప్పుడు నా చెవి దాకా ఎదిగింది, అయినా పొట్టే.

రెండేళ్లు నాలుగయ్యాయి, నాలుగు ఆరయ్యాయి. మధ్యలో వాళ్లమ్మ రెండుసార్లు మూడేసి వారాల సెలవు మీద వచ్చింది. రెండుసార్లూ పిల్ల నా వెనకాలే నక్కింది, కొత్త కదా అనుకున్నాం. ఆదివారం ఆదివారం ఫోనులో తల్లి కనిపించేది. ఏం చదివావు, ఏం తిన్నావు, ఎవరితో ఆడావు అని అడిగేది, పిల్ల పరీక్ష రాసినట్టు జవాబులు చెప్పి ఫోను నాకిచ్చి పారిపోయేది. జ్వరమొస్తే నా పక్కలో దూరేది. పన్ను ఊడితే తెచ్చి నా అరచేతిలో పెట్టేది. అయినా నన్ను అత్తా అనే పిలిచింది, అమ్మా అని ఒక్కనాడూ అనలేదు. నేనూ అనిపించుకోలేదు. ఆ మాత్రం న్యాయం అప్పటికి నాలో ఉంది.

కిందటేడు ఆమె ఇక మళ్లీ వెళ్లనని చెప్పి వచ్చేసింది. పిల్లకి పదకొండు దాటాయి. కారు దిగేసరికి గుమ్మంలో నేనూ మా ఆయనా, నా వెనక పొట్టి. ఆమె పెట్టె కింద పెట్టి, పరుగున రాలేదు. పిల్లకి రెండు మూరల దూరంలో మోకాళ్ల మీద కూర్చుంది. చేతులు రెండూ వెనక్కి పెట్టుకుంది, కుడిచేత్తో ఎడమ మణికట్టు పట్టుకుని.

"నిన్ను దగ్గరికి తీసుకోవచ్చా?" అని అడిగింది.

నాకు నవ్వాగలేదు. కన్నతల్లి కూతురికి దరఖాస్తు పెట్టుకోవడం నేనెక్కడా చూడలేదు. పొట్టి సిగ్గుపడి తల అడ్డంగా ఊపింది.

"సరే. పర్వాలేదు," అని లేచి నిలబడింది. చేతులు ఇంకా వెనకే ఉన్నాయి.

మన పిల్లలు వద్దంటే దానర్థం ఇంకోసారి అడగమని. దగ్గరికి లాక్కుంటే గింజుకుంటారు, గింజుకుంటూనే మెడ చుట్టూ చేతులు వేస్తారు. ఇది లోకంలో అందరికీ తెలిసిందే. ఈవిడ మాత్రం ఆ వద్దుని కోర్టు తీర్పులా తలవంచి ఒప్పుకుంది. పిల్ల నా చెయ్యి వదిలి ఒక్క అడుగు ముందుకేసి ఆగింది, మళ్లీ అడుగుతుందేమో అని. అడగలేదు. ఆ పిల్ల ముఖం నేను చూశాను.

ఆ వారంలోనే అసలు సంగతి తెలిసింది. నేను చొక్కాలకి గుండీలు కుడుతుంటే, ఆమె సూదిలోకి దారం ఎక్కించి ఇస్తూ చెప్పింది.

"అక్కడ చేరిన రోజే చెప్పారు వదినా. పిల్లల్ని ముట్టుకోకూడదు. ఏడుస్తుంటే వాళ్ల ఎత్తులో కూర్చుని, కొంచెం దూరం నుంచి సాయం చెయ్యనా అని అడగాలి. ఊఁ అంటేనే చెయ్యి అందించాలి. వాళ్లంతట వాళ్లొచ్చి వాటేసుకుంటే పక్కకి తిరిగి, భుజం మీద తట్టి వదిలెయ్యాలి."

"మరి ముక్కు కారితే?"

"కాగితం రుమాలు ఇచ్చి తుడుచుకోమనాలి."

"ఛీ, అదేం బడే! నువ్వు చెప్పింది పాఠాలా, పాములాడించావా?"

నవ్వింది. పిల్లలు ఆమెకిచ్చిన బొమ్మల కట్ట పెట్టెలోంచి తీసి చూపించింది. అన్నిట్లో టీచరు ఉంది, పెద్ద కళ్లు, పెద్ద నవ్వు, ఒక్క బొమ్మలోనూ చేతుల్లేవు. ఎప్పుడూ వెనకే ఉంటే పాపం వాళ్లు మాత్రం ఎలా గీస్తారు? ఆ కట్టలో ఒక్క కాగితం కూడా నలగకుండా దాచుకుంది. ఆ పిల్లలంటే ఆమెకి ప్రాణమని నాకు అప్పుడే అర్థమైంది.

నవ్వుతూనే మిగతాది చెప్పింది. మొదటి నెలలో ఒక పిల్లాడు ఉయ్యాల మీంచి జారిపోతుంటే ఒడుపుగా చెయ్యి పట్టి లాగిందట. వాడి తల పగలకుండా కాపాడింది గానీ, రెక్క మీద వేళ్ల గుర్తులు పడ్డాయి. ఇంట్లోవాళ్లు బడికొచ్చి అడిగారు. బడి పెద్దావిడ తన గదిలోకి పిలిచి మూడు పేజీల సంజాయిషీ రాయించుకున్నారు. ఆ తర్వాత నెలరోజులు ఇంకో టీచరుని ఆమె తరగతిలో వెనక కుర్చీలో కూర్చోబెట్టారు, ఈమె చేతులు ఏం చేస్తున్నాయో చూడటానికి.

"ఆ నెలంతా చేతులు వెనక్కి కట్టుకునే పాఠం చెప్పాను వదినా. ఉద్యోగం పోతే పొట్టి గతేంటని భయం. తర్వాత ఇక అవి ముందుకి రావడం మానేశాయి. వాళ్ల పద్ధతిలో తప్పులేదు, పిల్లల మంచికే పెట్టారు. నాకే అక్కడిది అక్కడ వదిలి రావడం చేతకాలేదు. పొట్టిని చూస్తే ప్రాణం లేచి వస్తుంది, చెయ్యి లేవబోతుంది, అంతలో వెనక కుర్చీలో ఎవరో కూర్చున్నట్టే ఉంటుంది."

అదీ సంగతి. మొదటి వారంలోనే, నా గుండీల డబ్బాల మధ్య, నాకు పూసగుచ్చినట్టు చెప్పింది. నా నోట్లో నువ్వుగింజ నానదని మా ఆయన ఎప్పుడూ దెప్పుతాడు. ఈ ఒక్క గింజ ఎలా నానిందో గానీ, ఎనిమిది నెలలు నానింది.

మా ఇంట్లోనే ఉండమన్నాం, ఉండలేదు. పక్క వీధిలో మేడ మీద రెండు గదులు అద్దెకి తీసుకుంది. కిటికీ ఉన్న గది పొట్టికి. బల్ల వేసింది, పుస్తకాల అర కొట్టించింది, బడిసంచి తగిలించడానికి మేకు కూడా పిల్ల ఎత్తు అడిగి తెలుసుకుని కొట్టింది. కానీ పిల్లని రమ్మని ఒక్కసారి కూడా చెయ్యి పట్టి లాగలేదు.

"బలవంతం చెయ్యను వదినా. శని, ఆదివారాలు వచ్చి ఉండనీ. అది అమ్మ దగ్గరే ఉంటానన్న రోజు తీసుకెళ్తాను. అక్కడివాళ్లు ఈ సంవత్సరం చివరిదాకా నా చోటు ఎవరికీ ఇవ్వమన్నారు. అప్పటికీ దానికి నేనొద్దనిపిస్తే, దాని కళ్ల ముందు తిరుగుతూ ఇబ్బంది పెట్టను, వెళ్లిపోతాను."

ఆ మాటకి నా గుండెలో రాయి పడాలి. పడలేదు. పిల్ల నా దగ్గరే ఉండిపోయే దారి ఒకటి ఉందని తెలిసి ప్రాణం కుదుటపడింది. సిగ్గు విడిచి చెప్తున్నాను.

పొట్టి చదివే బడిలోనే ఆమెకి ఉద్యోగం దొరికింది. ఈమెకి ఒకటో తరగతి, పొట్టిది ఆరో తరగతి. అక్కడ గదికి పద్దెనిమిది మంది, ఇక్కడ యాభైమూడు మంది. మొదటిరోజు అక్కడి అలవాటు ప్రకారం గొంతు పెంచకుండా చెయ్యి పైకెత్తి నిలబడిందట. టీచరు చెయ్యెత్తితే పిల్లలు మాటలాపి సర్దుకుని కూర్చోవడం అక్కడి పద్ధతి. ఇక్కడ యాభైమూడు మందీ చేతులెత్తి, "టీచర్ నేను చెప్తా, టీచర్ నేను" అంటూ బెంచీలెక్కారు. ప్రశ్న అడక్కుండానే జవాబు చెప్పడానికి పోటీ! ఈమె దించదు, వాళ్లు దించరు. గంట కొట్టేదాకా అదే వరస. మధ్యాహ్నానికి స్టాఫ్‌రూములో ట్రాఫిక్ టీచరని పేరు పడింది. హెడ్మిస్ట్రెస్ పిలిచి, "కాస్త గొంతు పెంచండమ్మా, అవసరమైతే చెయ్యి పట్టి కూర్చోబెట్టండి, కరవరు" అందట. ఒక్కొక్క పిల్లతో మోకాళ్ల మీద కూర్చుని మాట్లాడి, సాయంత్రానికి బట్టల మీద సుద్దపొడి గుండ్రాలు రెండు వేసుకుని వచ్చేది.

బయట కూడా అంతే. ఏదైనా ఆఫీసుకి వెళ్తే ముందువాడికి చెయ్యి చాపినంత ఎడం వదిలి క్యూలో నిలబడేది. ఆ ఎడంలో నలుగురు దూరేవాళ్లు. వాళ్లకీ ఎడం వదిలేది. పొద్దున వెళ్లిన మనిషి పని కాకుండానే తిరిగొచ్చి, "ఇక్కడ ఎలా బతికేదాన్ని వదినా ఇదివరకు?" అని నన్నడిగేది. "మోచేతులతో," అనేదాన్ని.

ఒకటో తరగతి పిల్లలకి ఈ నియమాలన్నీ ఎవరూ చెప్పలేదు కాబట్టి, రెండు నెలలు తిరిగేసరికి వాళ్లే వచ్చి ఆమె వేళ్లు పట్టుకుని వేలాడటం మొదలెట్టారు. వెనక్కి కట్టుకున్న చేతుల్ని విడదీసి మరీ పట్టుకునేవాళ్లు. ఆమె లాక్కునేది కాదు. పొట్టి ఇదంతా పై అంతస్తు వరండాలోంచి చూసి వచ్చి నాకు చెప్పేది.

"వాళ్లని పట్టుకుంటుంది అత్తా. నన్నే పట్టుకోదు."

శనివారాలు అక్కడ పడుకుని వచ్చినప్పుడు ఇంకో పురాణం.

"గదిలోకి రావడానికి తలుపు కొడుతుంది అత్తా. తల దువ్వనా అని అడిగింది. నాకే వచ్చు అన్నాను. సరే అని దువ్వెన అక్కడ పెట్టి వెళ్లిపోయింది."

"దువ్వమనొచ్చుగా?"

"నేనెందుకు అనాలి? అమ్మకి తెలీదా?"

అప్పుడే చెప్పాల్సింది. తెలుసే పిచ్చిదానా, అక్కడ చేతులు కట్టేసి పంపారు మీ అమ్మని, నువ్వే వెళ్లి పట్టుకో, ఒకటో తరగతి పిల్లలకున్న తెలివి నీకు లేదా, అని. అనలేదు. పిల్లని నా ముందు కూర్చోబెట్టుకుని జడ గట్టిగా బిగించి అల్లాను. రేపు చెప్దాంలే అనుకున్నాను. రేపటికి రూపులేదని ఊరికే అన్నారా పెద్దలు?

అయిదో నెలలో పొట్టి బడిలో పడింది. ఆటల పీరియడులో పరుగుపందెం. పొట్టి మలుపు దగ్గర కాలు జారి సిమెంటు గట్టు అంచు మీద పడింది. మోకాలు చీరుకుపోయింది. అదే సమయానికి మా ఆడపడుచు తన పిల్లల్ని వరసలో నడిపించుకుంటూ అటే వస్తోంది. వరస వదిలేసి పరుగెత్తుకొచ్చింది. చూసినవాళ్లు చెప్పారు, చెప్పులు కూడా ఎక్కడో ఊడిపోయాయట. అంత పరుగున వచ్చిన మనిషి, పిల్లకి రెండు మూరల దూరంలో దబ్బున మోకాళ్ల మీద కూలబడి ఆగిపోయింది. చేతులు వెనక్కి వెళ్లాయి.

"నేను సాయం చెయ్యొచ్చా?"

పిల్ల కాలి నుంచి నెత్తురు మేజోడులోకి దిగుతోంది. చుట్టూ ఆరో తరగతి మొత్తం మూగింది. ఎవరో కిసుక్కున నవ్వారు. పొట్టి పెదవి కొరుక్కుని తల్లిని చూస్తూ ఉండిపోయింది. ఆమె మళ్లీ అదే అడిగింది. ఈలోపు ఆటల టీచరమ్మ వచ్చి, "ఏంటండీ చూస్తారు, మీ పిల్లేగా!" అని కేకేసి, పొట్టిని ఎత్తుకుని కుళాయి దగ్గరికి తీసుకుపోయింది.

సాయంత్రం కుంటుకుంటూ నా దగ్గరికే వచ్చింది. వేణ్నీళ్లతో గాయం కడిగాను, మందు రాశాను, ఊదాను. అప్పటిదాకా బిగబట్టుకున్నదంతా ఒక్కసారి తెగింది.

"ఆమెకి నేనంటే అసహ్యం అత్తా."

ఆమె అంది. అమ్మ అనలేదు.

నాకు తెలుసు. ఈ ప్రపంచంలో ఆ తల్లి కాకుండా, ఎందుకో తెలిసినదాన్ని నేనొక్కదాన్నే. నాలుగు మాటలు చాలు. ఆ నాలుగూ నాలుక చివరిదాకా వచ్చాయి. పిల్ల నా భుజం మీద ముఖం పెట్టుకుని, నా జాకెట్టు తడిసేలా ఏడుస్తోంది. దాని రెండు చేతులూ నా మెడ చుట్టూ ఉన్నాయి. చెప్తే ఆ చేతులు అక్కడికి వెళ్లిపోతాయి.

"పోనీలే, నేనున్నాగా," అన్నాను.

చీకటి పడకముందే ఆమె వచ్చింది. లోపలిగది గుమ్మంలో నిలబడి "చూడొచ్చా?" అని అడిగింది. పొట్టి గోడవైపు తిరిగి పడుకుంది. ఆమె తిరిగొచ్చి నా ముందుగదిలో గుడ్డల మూట మీద కూర్చుని, చేతులు ఒళ్లో పెట్టుకుని వాటినే చూసుకుంటూ ఏడ్చింది.

"రాలేదు వదినా. కడుపున పుట్టిన పిల్ల నెత్తురోడుతుంటే ఇవి రాలేదు. నేనసలు మనిషినేనా?"

"ఊరుకో అమ్మాయ్. చిన్న దెబ్బే."

"నువ్వు దానికి చెప్పు వదినా. అక్కడ ఎలా ఉండేదో, ఆ ఉయ్యాల సంగతి, అంతా. నేను చెప్తే సాకు చెప్పినట్టుంటుంది. నీ మాటంటే దానికి గురి. చెప్పాక కూడా వద్దంటే అది వేరే సంగతి."

"చెప్తాలే. ముందు ముఖం కడుక్కో," అన్నాను. అన్నప్పుడు నిజంగానే చెప్దామనుకున్నాను, నమ్మండి నమ్మకపోండి.

ఆ రోజు పిల్ల ఏడ్చి అలిసిపోయింది, వద్దులే అనుకున్నాను. మర్నాడు లెక్కల పరీక్ష. ఆ తర్వాత యూనిఫారాల పని నెత్తిమీదికొచ్చింది. మనసు లేని పనికి సాకులు మూడు వందలు. పదిరోజులకి ఆమె కిటికీ దగ్గర ఆగి అడిగింది.

"చెప్పావా వదినా?"

అప్పుడు నా నోట్లో గుండుసూదులున్నాయి. ఊరికే తలూపినా సరిపోయేది, పొరపాటున ఊపాననైనా తర్వాత అనుకోవచ్చు. నేను ఆ సూదులన్నీ ఒక్కొక్కటే తీసి, సూదుల దిండుకి గుచ్చి, తీరిగ్గా "చెప్పాను" అన్నాను.

"ఉయ్యాల సంగతి కూడానా?"

"అన్నీ."

"ఏమంది?"

"ఏమీ అనలేదమ్మాయ్. విని ఊరుకుంది."

ఆమె పట్టుకున్న కిటికీ చువ్వ వదిలేసింది. ఆ తర్వాత నెమ్మదిగా వెళ్లిపోయింది. ఆ రోజు కుట్టిన చొక్కాకి ఎడమచెయ్యి కుడివైపు అతికించాను. ముప్ఫై ఏళ్ల పనిలో ఎన్నడూ చెయ్యని తప్పు అది, కుట్లన్నీ విప్పుకోవలసి వచ్చింది.

అప్పట్నుంచి శనివారాలు రమ్మని అడగడం మానేసింది. అన్నీ తెలిసి కూడా పిల్ల మనసు కరగలేదనుకుంది. పొట్టి ఏమో, ఆమె పిలవడం కూడా మానేసింది చూశావా అత్తా అంది. మధ్యలో నేను, తేలుకుట్టిన దొంగలా. ఒకరి దగ్గర ఒకలా, ఇంకొకరి దగ్గర ఇంకోలా ముఖం పెట్టడానికి నేనేమన్నా నాటకాల కంపెనీయా? పెట్టాను మరి, రెండు నెలలకి పైగా.

మా ఆయన మాట పొదుపు మనిషి. ఆయనకే అనుమానమొచ్చింది.

"ఏంటే, తల్లీ పిల్లా ఇద్దరూ బిక్కచచ్చి తిరుగుతున్నారు? నీకేమైనా చెప్పారా?"

"నాకెవరు చెప్తారండీ? అది వాళ్లిద్దరి గొడవ," అన్నాను. అబద్ధం ఒక్కటే ఆడానని మొదట్లో చెప్పాను. అది కూడా అబద్ధమే, ఇది రెండోది.

బడికి ఏడాది చివరి సెలవులిచ్చేముందు ఆమె వచ్చి చెప్పింది, అక్కడి ఉద్యోగానికి మళ్లీ రెండేళ్లకి సంతకం పెట్టి పంపేశానని. ఇక్కడి బడిలో ఆమె చోటుకి వేరే టీచరుని తీసేసుకున్నారు. మేడమీద గదులు ఎవరో కొత్త జంటకి ఇచ్చేశారు. బల్ల, పుస్తకాల అర మా ఇంటికి పంపింది.

"ఉండవే, తొందరపడకు, పిల్లకి ఇంకొంచెం వయసు రానీ," అన్నాను పెదవుల చివర్నుంచి.

"అది నీ దగ్గర హాయిగా ఉంది వదినా. ఉండాల్సిన చోటే ఉంది. నేనే అడ్డం వచ్చాను," అంది.

వెళ్లే రోజు పొద్దున పదింటికి కారు వచ్చింది. మా ఆయన పెట్టెలు ఎక్కిస్తున్నాడు. పొట్టి హాల్లో తలుపుకి ఆనుకుని నిలబడింది, చేతులు కట్టుకుని, కళ్లు నేలమీద పెట్టి. ఆమె వచ్చి ఎప్పట్లాగే రెండు మూరల దూరంలో మోకాళ్ల మీద కూర్చుంది. ఈసారి చేతులు వెనక్కి పెట్టలేదు, ఒళ్లో పెట్టుకుంది.

"ఒక్కసారి దగ్గరికి తీసుకోనా? వద్దంటే పర్వాలేదు."

"ఇన్నాళ్లూ నన్ను ముట్టుకోలేదు. ఇప్పుడెందుకు?" అంది పొట్టి.

"అదే కదమ్మా అత్త నీకు చెప్పింది."

పిల్ల తలెత్తింది.

"అత్త నాకేం చెప్పింది?"

ఇద్దరూ నావైపు తిరిగారు. నా చేతిలో ఆమె దారిలో తాగడానికి నింపిన నీళ్లసీసా ఉంది. దాన్ని ఎక్కడ పెట్టాలో తెలియలేదు.

"చెప్పానన్నావు కదా వదినా," అంది ఆమె. కోపంగా అనలేదు, తనే ఏదో తప్పు విన్నట్టు అడిగింది.

"చెప్పలేదు," అన్నాను.

"ఒక్కమాట కూడా?"

"ఒక్కమాట కూడా చెప్పలేదు."

మా ఆయన "టైమవుతోంది" అంటూ లోపలికొచ్చి, మా ముఖాలు చూసి గడప మీదే ఆగిపోయాడు. ఆమె పిల్లకి తనే చెప్పింది. ఉయ్యాల, మూడు పేజీల సంజాయిషీ, వెనక కుర్చీ, అన్నీ గబగబా, ఊపిరి తీసుకోకుండా, కారువాడు రెండుసార్లు హారన్ కొట్టేలోపు. పొట్టి వింటూ వింటూ ఆ రెండు మూరలూ తనే నడిచింది. ఆమె చేతులు లేచాయి. మొదట గాల్లో ఆగాయి, ఎక్కడ పెట్టాలో తెలియనట్టు. ఆ తర్వాత పిల్ల వీపు మీద పడ్డాయి. ఇక వదలవేమో అనుకున్నాను. ఆరేళ్లూ, ఎనిమిది నెలలూ అన్నీ కలిపి ఒక్కసారే పట్టుకుంది. పొట్టి వెక్కి వెక్కి ఏడుస్తూ "అమ్మా" అంటోంది, ఇంకేమీ అనడం లేదు.

చేతులు కాలాక ఆకులు పట్టుకోవడం అంటారే, అదీ చేశాను. "ఆగిపో అమ్మాయ్, వెళ్లకు," అన్నాను. ఎక్కడ ఆగుతుంది? సంతకం పెట్టేసింది, ఉద్యోగం పోయింది, గదులు పోయాయి. మా ఇంట్లోనా, నా ముఖం చూస్తూనా?

కారెక్కేముందు నా దగ్గరికొచ్చింది. తిడుతుందనుకున్నాను. నాలుగు చెంపదెబ్బలు కొట్టినా నిలబడి తినేదాన్ని.

"దాని మోకాలి మచ్చకి మందు రాయడం మానకు వదినా," అంది. "జాగ్రత్తగా చూసుకో."

ఇంకెవరికి అప్పజెప్తుంది? నాకే కదా.

కారు మలుపు తిరిగింది. మా ఆయన నావైపు చూడకుండా లోపలికి వెళ్లిపోయాడు. పొట్టి మెట్టు మీద కూర్చుంది. నేనూ వెళ్లి కొంచెం ఎడంగా కూర్చున్నాను. అది వీధి చివరికే చూస్తూ ఉంది.

"ఎందుకు చెప్పలేదత్తా?"

"చెప్తే నన్ను వదిలి వెళ్లిపోతావని."

"ఎక్కడికి?"

"మీ అమ్మ దగ్గరికి."

పొట్టి ఏడ్చి ఏడ్చి వాచిన కళ్లతో నావైపు తిరిగింది. కోపం లేదు ఆ ముఖంలో, నిజంగా అర్థంకాక అడిగింది.

"పక్క వీధికేగా అత్తా?"